మొదటి ట్రే మాది

బేకరీ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి సలహా అడుగుతుంటారు. ఏ ఓవెన్ మంచిది, ఏ హోటల్లో చేరితే పైకొస్తాం, పఫ్ పొరలు ఎందుకు విడవడం లేదు అని. వాటికి జవాబులు మీ పుస్తకాల్లో ఉన్నాయి, లేకపోతే మీ ఫోన్లలో ఉన్నాయి. నేను చెప్పేది వాటిలో దొరకదు. నిన్న మిగిలిన బన్నును ఏం చేస్తున్నారో చూస్తే ఆ వంటగది ఎలాంటిదో తెలిసిపోతుంది. నా ఉద్యోగంలో పెద్ద భాగం ఆ ఒక్క విషయం మీద గొడవపడడంలోనే గడిచింది. గొడవపడినందుకు నాకు ఏ విచారమూ లేదు. ఉద్యోగం మళ్లీ మొదట్నుంచి చేయమన్నా అదే గొడవ పడతాను.

ఎక్కడి నుంచి వచ్చాను

మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా నాన్న వేటకెళ్లేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్మేది. అమ్ముడుపోని చేపను ఆమె పారేయడం నేనెప్పుడూ చూడలేదు. ఉప్పు పట్టించి ఎండబెట్టేది. పచ్చిచేప కొనేవాళ్లు వేరు, ఎండుచేప కొనేవాళ్లు వేరు. రెండో సరుకు మొదటిదానికంటే తక్కువదని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

పదో తరగతి తప్పాక శ్రీకాకుళంలో ఒక బేకరీలో ట్రేలు తోమడానికి చేరాను. అక్కడ భట్టీ దగ్గర బరంపురం నుంచి వచ్చిన బెహరా మాస్టారు ఉండేవాడు. సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడేవాడు. ఆయన మణికట్లు నొప్పులు పుట్టి పిండి కలపలేని రోజుల్లో నన్ను పిలిచాడు. షాపు యజమాని వచ్చి, ఆడపిల్లని భట్టీ దగ్గర పెట్టావేంటని అడిగితే, "పిండికి ఆడా మగా తెలీదు బాబూ, దానికి చేతులు కావాలి" అన్నాడు. పనిలో నాకు దొరికిన పెద్ద మర్యాద అదే. ఆయన దగ్గరే బ్రెడ్డు, బన్ను, కేకు, పఫ్ అన్నీ నేర్చుకున్నాను. విజయనగరంలో ఒక పెద్ద హోటల్ తెరిచినప్పుడు అక్కడి బేకరీ సెక్షన్‌కి వెళ్లాను. ఆ హోటల్ పేరు రాయను. చేతులు మారింది, బోర్డు కూడా మారింది.

సీసా

చేరిన మొదటి రోజు పొద్దున, గెస్టుల టిఫిన్ బఫే ముగిశాక, మిగిలిన క్రోసాంట్లు, అరటిపండు మఫిన్లు, టీ కేకు ముక్కలు అన్నీ ఒక డబ్బాలో పోశారు. అవి బఫే బల్ల మీదకి వెళ్లనేలేదు, అరలోనే ఉండిపోయాయి. ఇంకా కమ్మటి వాసన వస్తోంది. శుభ్రత చూసే సూపర్‌వైజర్ ఒకడు సీసా పట్టుకొచ్చి ఆ డబ్బాలో ఫినాయిల్ పోశాడు. పైనుంచి కిందిదాకా తడిసేలా చూసి మరీ పోశాడు.

"అదేటి బాబూ?" అన్నాను.

"స్టాఫ్ తినేస్తారని," అన్నాడు. అతనికి అదేమీ వింతగా లేదు. రోజూ చేసే పనే.

దానికి హోటల్ వాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. మిగిలింది తినొచ్చని తెలిస్తే పనివాళ్లు కావాలనే ఎక్కువ చేసి మిగులుస్తారట. ఇది మీకు ఏ హోటల్లోనైనా చెప్తారు. నమ్మకండి. ఎంత చేయాలో రాసిచ్చేది పైవాళ్లు. ఎక్కువ మిగిలితే తప్పు అంచనాది, ఆకలిది కాదు. మా స్టాఫ్ క్యాంటీన్‌లో ఆ రోజు టిఫిన్ జావలాంటి ఉప్మా. గిన్నెలు తోమే వాళ్లు, గదులు సర్దేవాళ్లు, తెల్లారకముందే ఇంట్లోంచి ఏమీ తినకుండా బయల్దేరిన వాళ్లు, ఆ ఉప్మా తింటూ ఫినాయిల్ వాసన పీలుస్తున్నారు.

మా పెద్ద షెఫ్ మూర్తిగారు. చేయి తిరిగిన వంటవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆయన దగ్గరికెళ్లి, "సార్, ఆ సీసా నా సెక్షన్లోకి రాకూడదు" అన్నాను. నిన్నటివాటితో స్టాఫ్‌కి పొద్దుటి టిఫిన్ చేస్తానని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నూకాలూ, నువ్వేం చేస్తున్నావో నేను చూడను. సరేనా?" అన్నాడు.

నాకు ఆ రోజుకి అది చాలు. కానీ పెద్దదాన్నయ్యాను కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తాను. చూడనని చెప్పే బాస్ మంచివాడే. అంతవరకే. అతను మీకు తలుపు తీసి పెడతాడు, మీతో పాటు లోపలికి రాడు.

తీపిదిబ్బ

నేను చేసింది పెద్ద విద్య కాదు. నిన్నటి క్రోసాంట్లు, బన్నులు, డేనిష్ పేస్ట్రీలు, క్రీము లేని కేకు ముక్కలు చేత్తో తుంచాలి. కత్తితో కోస్తే పాలు పీల్చవు. తుంచినవాటిని ఓవెన్‌లో కాసేపు ఆరబెట్టాలి, లేకపోతే ముద్దయిపోతాయి. పాలల్లో గుడ్లు, యాలకుల పొడి, కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టాలి. చక్కెర చూసుకుని వేయాలి, కేకుల్లో ముందే ఉంటుంది. ట్రేకి వెన్న రాసి ఒక వరస ముక్కలు, ఒక వరస పండ్లు, మళ్లీ ముక్కలు పరిచి, ఆ పాలు పోసి, అరచేత్తో మెల్లగా అదిమి, ముక్కలు పీల్చుకునేదాకా వదిలేసి, ఓవెన్‌లో పెట్టి కాల్చాలి. అరటిపండు లోపలి వరసలోనే ఉండాలి, పైన పెడితే నల్లబడుతుంది. మామిడిపళ్ల కాలంలో మామిడి. పనస తొనలైతే సన్నగా చీరాలి, లేకపోతే సాగుతాయి. జీడిపప్పు చివర్లో చల్లాలి. మధ్యలో కదిపి చూస్తే జున్నులా ఊగాలి. నీళ్లలా ఊగితే ఇంకాసేపు ఉంచాలి.

ఒకసారి సీతంపేట వైపు నుంచి మంచి అనాసపళ్లు వచ్చాయని పచ్చివే కోసి కలిపి, ఉదయానికి నానుతాయని ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే పాలు విరిగి, చేదెక్కి, కాల్చినా గట్టిపడలేదు. ఎందుకో నాకు తెలియలేదు. అప్పటికి నా దగ్గర గౌరి అని గరివిడి అమ్మాయి అసిస్టెంటుగా చేరింది. క్యాటరింగ్ డిగ్రీ చదివింది. మా వైపు అక్కని అప్ప అంటారు, నన్నూ అలాగే పిలిచేది. "పచ్చి అనాసలో ఉన్న రసం పాలనీ గుడ్డునీ విరిచేస్తాదప్పా. ముందు చక్కెరేసి ఉడకబెట్టీ, అప్పుడు వెయ్యి" అంది. అలా చేస్తే పువ్వులా వచ్చింది. చదువుకున్న పిల్లలకి పని రాదని వెక్కిరించే పాతవాళ్లు మీకు ప్రతిచోటా తగులుతారు. వాళ్లకి నా మాటగా ఈ అనాసపండు సంగతి చెప్పండి.

మొదటిసారి ఆ ట్రే క్యాంటీన్‌లో పెట్టినప్పుడు ఎవరూ ముట్టుకోలేదు. గిన్నెలు తోమే లచ్చమ్మప్ప అందరికంటే పెద్దది. నెల్లిమర్ల నుంచి వచ్చేది. ఆమె ట్రే వైపు చూసి, నన్ను చూసి, "నాను తిన్ను" అంది.

"ఏటప్పా, ఎందుకు తినవు?"

"గెస్టులు ఒగ్గేసిందేటి ఇది? పేదోళ్లమని మాకు ఎంగిలి పెడతన్నావేటి నూకాలూ?"

ఆ మాటకి నాకు కోపం రాలేదు. ఆమె అడగాల్సిందే అడిగింది. మర్నాడు పొద్దున ఆమెని బేకరీలోకి తీసుకెళ్లాను. అరలో ఉన్న నిన్నటివి చూపించాను. "సూడు. ఇవి బల్ల మీదకి ఎల్లలేదు, ఎవరి కంచంలోకీ ఎల్లలేదు. అరలోంచి తీసి నీ ముందే తుంచుతన్నాను. ఎంగిలి నా చేత్తో ఎవరికీ పెట్టను, నాను తిన్ను" అన్నాను. ఆమె నిలబడి చివరిదాకా చూసింది. ఓవెన్‌లోంచి తీశాక అంచు ముక్క ఒకటి తుంచుకుని తింది. కాసేపాగి, "దిబ్బరొట్టిలాగున్నాది" అంది. దిబ్బరొట్టెలాగే మందంగా, అంచులు కరకరలాడుతూ ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని తీపిదిబ్బ అనడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఉప్మా రోజుల్లో కూడా మా క్యాంటీన్‌లో జనం ముందుగానే వచ్చి కూర్చునేవారు. ఏళ్ల తరబడి అలా నడిచింది. మూర్తిగారు ఒక్కసారి కూడా చూడలేదు.

కొత్త పేరు

తర్వాత భార్గవ్ గారని కొత్త మేనేజర్ వచ్చాడు. హైదరాబాదు మనిషి, చిన్న వయసు. గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు. అందర్నీ మీరు అనేవాడు, గిన్నెలు తోమేవాళ్లని తప్ప. ఒకరోజు వాసన పట్టుకుని క్యాంటీన్‌కి వచ్చాడు. ఒక ముక్క తిన్నాడు, ఇంకోటి అడిగి తిన్నాడు. ఎలా చేస్తారో అంతా విన్నాడు.

"నూకాలమ్మగారూ, రేపట్నుంచి ఇది గెస్టుల బఫేలో ఉండాలి."

నాకు సంతోషమే కలిగింది. లేదని ఎందుకు అబద్ధమాడాలి. "పెడతాను సార్. ఒక ట్రే వాళ్లకి, ఒక ట్రే మాకు" అన్నాను.

"అలా కుదరదండి. గెస్టులకి పెట్టే ఐటం స్టాఫ్ క్యాంటీన్‌లో ఉంటే దానికి విలువ ఉండదు."

"స్టాఫ్ తింటన్నారు కాబట్టే కదా సార్ మీకు దీని సంగతి తెలిసింది."

ఆయన నవ్వి, అది ఏదో సరదా మాట అన్నట్టు వెళ్లిపోయాడు. మర్నాడు బఫే మీద దాని ముందు ఇంగ్లీషులో కార్డు పెట్టారు. సూర్యోదయం పేరుతో ఏదో గొప్పగా రాశారు. పేరు మార్చినందుకు నాకు బాధ లేదు, ఏ పేరుతో తిన్నా కడుపులోకే వెళ్తుంది. నేను రెండు ట్రేలు కాల్చాను. రెండూ బఫేకే తీసుకుపోయారు. క్యాంటీన్‌లో ఉప్మా పెట్టారు.

పోనీ, రేపు మాట్లాడదాం అనుకున్నాను. కానీ బఫే ముగిశాక రెండో ట్రేలో సగానికి పైగా బల్ల మీదకి వెళ్లకుండానే మిగిలిపోయింది. దాన్ని గిన్నెలు తోమే గదిలోకి తెచ్చారు. వెనకే సూపర్‌వైజర్ సీసాతో వచ్చాడు. భార్గవ్ గారు కూడా వచ్చాడు, చెప్పిన పని జరుగుతుందో లేదో చూడడానికి.

లచ్చమ్మప్ప

నేను బేకరీలో ఉన్నాను. గౌరి పరిగెత్తుకొచ్చి, "అప్పా, నువ్వొకసారి రా" అంది. వెళ్లేసరికి అక్కడ అందరూ పని ఆపి నిలబడ్డారు. లచ్చమ్మప్ప ట్రేకీ సీసాకీ మధ్యలో ఉంది. చేతులు కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుని, ట్రేలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"లచ్చమ్మా, అది కింద పెట్టు," అన్నాడు భార్గవ్ గారు.

ఆమె తొందర లేకుండా నమిలింది. "నోట్లోకి ఎలిపోనాది బాబూ. ఇప్పుడు కింద పెడితే ఎంగిలైపోతాది."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. ఆమె రెండో ముక్క తీసుకుంది.

"నువ్వు రేపట్నుంచి పనికి రానక్కర్లేదు."

"సరే బాబూ," అంది ఆమె. మూడో ముక్క తీసుకోలేదు. రెండోదాన్ని మాత్రం మొత్తం తింది.

మూర్తిగారు తలుపు దగ్గర ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

నేను వెళ్లి అదే ట్రేలోంచి ఒక ముక్క తీసి తిన్నాను. "నాకూ అదే మాట సెప్పండి సార్."

"మీకు దీంతో సంబంధం లేదండి."

"దీన్ని కాల్చింది నాను. తినమని అలవాటు సేసింది నాను. ఆమెకి లేని పని నాకూ వద్దు."

టోపీ తీసి బల్ల మీద పెట్టాను. మేమిద్దరం వెనక గేటులోంచి బయటికొచ్చాం. రోడ్డు మీదకి రాగానే లచ్చమ్మప్ప నన్ను తిట్టడం మొదలుపెట్టింది. "నీకేటి రోగం? నాను ముసల్దాన్ని, ఎలాగో గడిపేస్తాను. ఇద్దరం ఈధిన పడితే ఎవరికి లాభం?" ఆటో ఎక్కేదాకా తిడుతూనే ఉంది. ఎక్కాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా ఇంట్లో సంపాదన నా ఒక్కదానిదే. ఇంటికొచ్చి డబ్బాలో బియ్యం ఎన్ని రోజులకి వస్తాయో కొలిచి చూశాను. తెగించినవాళ్లకి భయం ఉండదని ఎవరైనా చెప్తే నమ్మకండి. భయం ఉంటుంది. ముక్క నమలడం అయ్యాక వస్తుంది.

పెళ్లి గెలిచింది

మర్నాటి సాయంత్రం ఆ హోటల్లో ఊళ్లో పెద్దింటి పెళ్లి రిసెప్షన్. మూడంతస్తుల కేకు, పేస్ట్రీలు, కుకీలు, అన్నీ మా సెక్షన్ నుంచే వెళ్లాలి. భార్గవ్ గారు గౌరిని పిలిచి చేయగలవా అని అడిగాడు.

"నేనొక్కదాన్నీ చెయ్యలేను సార్," అంది గౌరి.

బయటి నుంచి ఎవరినైనా తెమ్మన్నారు. ఒక్క రోజులో వచ్చే మనిషి దొరకలేదు. మేం బయటికొచ్చిన రోజు సాయంత్రం ఆయనే నాకు ఫోన్ చేశాడు. నేను మూడు విషయాలు అడిగాను. లచ్చమ్మప్ప నాతో పాటే లోపలికి రావాలి. ఫినాయిల్ సీసా వంటగదిలోకి రాకూడదు. రోజూ మొదటి ట్రే క్యాంటీన్‌కి వెళ్లాలి, రెండోది బఫేకి.

"పెళ్లయ్యాక కూర్చుని మాట్లాడదాం," అన్నాడు.

"మాట్లాడేకే పెళ్లి సార్," అన్నాను.

చివరికి "సరే రండి" అన్నాడు. ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు కూడా, అది ఆయన గురించి చెప్పి తీరాలి. ఉన్నన్నాళ్లూ మళ్లీ సీసా రాలేదు. నాతో మాత్రం తర్వాత ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడలేదు. నా పైన ఎంతమందిని తెచ్చి పెట్టారో, నన్ను పైకి రానీకుండా ఎక్కడ ఆపేశారో అదంతా రాయను. ఆ లెక్క నేను వేసుకోను.

న్యాయం గెలిచిందని మీకు చెప్పను. పెళ్లి గెలిచింది. అడగాల్సింది అడగడానికి రోజు చూసుకోండి. వాళ్లకి మీరు అక్కర్లేని రోజున ఎంత ధర్మంగా మాట్లాడినా వినరు. ఇది తెలివితక్కువ పోరాటం కాదు, తెలివైన పోరాటమూ కాదు, హోటల్లో పనిచేసేవాళ్లకి ఉన్న పోరాటం ఇదొక్కటే.

రిసెప్షన్ కేకుకి గౌరి పువ్వులు వేస్తుంటే చూశాను. నా సాయం అవసరమే లేదు. "ఒసే, ఇదంతా నువ్వొక్కదానివే సెయ్యగలవు కదే?" అన్నాను.

"సెయ్యగలను," అంది తలెత్తకుండా. "సెయ్యలేనని సెప్పడం కూడా నాకే వచ్చు కదప్పా."

చూడనన్న మూర్తిగారి గురించీ, చేయలేనన్న గౌరి గురించీ నేను చాలాసార్లు ఆలోచించాను. ఇద్దరూ అబద్ధమే ఆడారు. ఆయన అబద్ధం ఆయన్ని కాపాడింది. ఈ పిల్ల అబద్ధం మమ్మల్ని కాపాడింది.

మీరు చేయబోయే ముందు

నిన్నటివి వాడడం మీద ఒక్క మాట, ఎందుకంటే నా పేరు చెప్పి ఎవరైనా చెత్తంతా కలిపి కాల్చడం నాకిష్టం లేదు. అరలోంచి తీసిందే వాడాలి. కంచాల్లోంచి వచ్చింది, మనుషులు చేతులు పెట్టింది వద్దు. క్రీము ఉన్నది, మాంసం ఉన్నది వద్దు. వాసన చూసి అనుమానం వస్తే పారేయండి, అక్కడ పిసినారితనం పనికిరాదు. తినేవాళ్లు ఇది నిన్నటిదా అని అడిగితే నిన్నటిదే అని చెప్పండి. గెస్టు అడిగినా చెప్పండి. నేను చెప్పాను. ఒకాయన ప్లేటు పక్కన పెట్టేశాడు. పది మంది మళ్లీ వడ్డించమన్నారు.

శాలువా

నా రిటైర్మెంటు రోజున స్టాఫ్ హాల్లో సభ పెట్టారు. అప్పటికి యాజమాన్యం మారింది, మేనేజర్ మారాడు. లచ్చమ్మప్ప పని మానేసి చాలాకాలమైంది. ఆ రోజు మాత్రం వచ్చి వెనక వరసలో కూర్చుంది. మేనేజర్ నాకు శాలువా కప్పి, మైకు పట్టుకుని ప్రసంగించాడు. మన హోటల్ ఆహారాన్ని వృథా చేయదని, మొదట్నుంచీ ఇది మన సంస్కృతి అని, ఆ సంస్కృతికి నూకాలమ్మగారు ప్రతీక అని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకతను వీడియో తీస్తున్నాడు.

మైకు నాకిచ్చారు. థాంక్స్ చెప్పి కూర్చుంటానని వాళ్లు అనుకున్నారు.

"సారు సెప్పింది బాగున్నాది. కానీ అది నిజం కాదు," అన్నాను. "ఈ హోటల్లో మంచి రొట్టి మీద ఫినాయిల్ పోసేవారు. మనం తింటామని పోసేవారు. అది ఆపింది సంస్కృతి కాదు. ఆ ఎనకాల కూసున్న లచ్చమ్మప్ప ఉద్యోగం పోతాదని తెలిసి రెండు ముక్కలు తింది. గౌరి మా కోసం అబద్ధమాడింది. నాను వృథా ఆపడానికి ఏదీ సెయ్యలేదు. మనోళ్లు ఆకలితో పనిలోకి దిగకూడదని సేశాను. ఈ శాలువా లచ్చమ్మప్పది."

వెళ్లి ఆమెకి కప్పాను. ఆమె "ఏటిదే, అందరి ముందూ" అని గొణుగుతూనే భుజాల మీద సరిచేసుకుంది. గిన్నెలు తోమేవాళ్లు కూర్చున్న వైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. మేనేజర్ కూడా కొట్టాడు, కొట్టక తప్పలేదు.

వారం తర్వాత ఆ వీడియో గౌరి ఫోన్‌కి వస్తే నాకు చూపించింది. శాలువా కప్పడం ఉంది, మేనేజర్ ప్రసంగం మొత్తం ఉంది. నేను మైకు అందుకోవడం ఉంది. ఆ తర్వాత తిన్నగా గ్రూపు ఫోటో. నేను మాట్లాడిందంతా తీసేశారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.